గృహిణీ గోష్ఠి : ఇంటిపని ఇంటివారందఱిది



గతమాసమున మనము పప్పుదినుసులను పురుగుపట్టకుండ నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఎండబెట్టుట, చెఱుగుట, డబ్బాల కెత్తుట మొదలగు పనులన్నియు చెప్పి ముగించిన పిమ్మట, "ఇన్ని పనులకు మనకు చేతులెన్ని గలవు?" అను ప్రశ్న మిగిలిపోయినది. ఆ ప్రశ్నను బట్టుకొని యీ మాసమున కొంతదూరము నడువవలెనని మా యుద్దేశము.

భాగవత దశమస్కంధమున యశోదాదేవి పెరుగు చిలుకు ఘట్టము నెఱుగనివారు మనలో నుండరు. ఆనాడు దాసీజనము వేఱు పనులయం దుండగా నామె తానే కవ్వము చేపట్టినది. బాలుడు వచ్చి కవ్వము పట్టుకొని యాపినాడు. వానిని ఒడిలోనికి దీసికొని పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగినవి. బిడ్డను దించి యామె పరుగెత్తినది. తిరిగి వచ్చునప్పటికి పెరుగుకుండ పగిలియున్నది. ఆ తరువాతిదే ఱోటికి గట్టిన కథ. భక్తులందు భగవల్లీలను జూతురు. వేదాంతులు గూఢార్థమును జూతురు. మేము మాత్రము చదివిన ప్రతిపర్యాయమును ఒక గృహిణి ప్రాతఃకాలమునే చూచుచుందుము. పొయ్యిమీద పాలు, చేతిలో కవ్వము, ఒడిలో బిడ్డ. మూడును ఒక్క క్షణముననే పిలుచును. ఏ పిలుపునకు బోయినను రెండవది చెడును.

నేడు మన యిండ్లలో కట్టెలపొయ్యికి బదులు గ్యాసుపొయ్యి వచ్చినది. ఱోటికి బదులు మిక్సీ వచ్చినది. అయినను ఉదయపు తొందర తగ్గలేదు. బడిబస్సు వచ్చు వేళకు అది రెండింత లైనది. బిడ్డను కట్టివేయుటయు మానలేదు. పనికి అడ్డురాకుండ వాని చేతికి సెల్‌ఫోను నిచ్చి మూల గూర్చుండబెట్టుచున్నాము. త్రాడు మాఱినది గాని కట్టు మాఱలేదు.

ఇందొక విచిత్రము గలదు. రెండేండ్ల బిడ్డ చీపురు కావలెనని యేడ్చును. చపాతీపిండిలో తానును చేయి పెట్టెద ననును. తడిబట్టలు తానే ఆఱవేసెద నని పేచీ పెట్టును. "పో, పాడుచేసెదవు" అని మనము లాగుకొందుము. పదేండ్లు గడచిన పిమ్మట అదే చీపురు చూపి పిలిచినచో వాడు తల యెత్తడు. అప్పుడు "ఈ కాలపు పిల్లలకు పని చేతగాదు" అని యిరుగుపొరుగువారితో వాపోదుము. చేతగాకుండ జేసినది మనమే యని మాత్ర మొప్పుకొనము. మేమును చాలకాల మొప్పుకొనలేదు. ఒప్పించినది మా జ్వరము.

2023వ సంవత్సరమున దసరా సెలవులు ముగిసిన వెంటనే మాకు టైఫాయిడు జ్వరము వచ్చినది. ఇరువది దినములు మంచము విడువలేదు. మా యింటివారు బడిపంతులుగారు. ఇంట వృద్ధురాలగు అత్తయ్యగారు, అప్పటికి పదుమూడేండ్ల పెద్దమ్మాయి, పదునొకండేండ్ల అబ్బాయి, ఆఱేండ్ల చిన్నమ్మాయి. పనిమనిషి లేదు. మొదటి రెండు దినములు మేము మిక్కిలి దిగులుపడితిమి. మూడవనాటికి వంట వేళకగుచున్నది, అంట్లు కడుగబడుచున్నవి, తులసికోటవద్ద దీపము వెలుగుచున్నది. "ఇల్లు దానంతట నదే నడచుచున్నది" అని సంతోషించితిమి. ఇల్లు దానంతట నదే నడువదని తెలిసికొనుటకు మఱి పదిదినములు పట్టినది.

ఒకనాటి సాయంకాలము పెద్దమ్మాయి లెక్కల పుస్తకముతో వచ్చి సంతకము చేయుమనెను. తరగతిలో నిద్రించుచున్నదని ఉపాధ్యాయిని వ్రాసిపంపిరి. పుటలు త్రిప్పుచుండగా చివరిపుటయందు అమ్మాయి చేతివ్రాత కనబడినది. "పాలు కాచవలెను. నానమ్మకు బి.పి. మాత్ర. తమ్ముని డబ్బా. చెల్లికి జడ. అమ్మకు గంజి. అంట్లు. రేపటికి పప్పు నానబోయవలెను." వీని కన్నిటికిని క్రింద, చిన్న యక్షరములతో, "లెక్కలు - వీలుంటే" అని యున్నది.

సోదరీమణులారా, ఆ రెండుమాటలు చదివినప్పుడు మాకు కలిగిన బాధ జ్వరబాధకంటె నెక్కువ. మేము పుస్తకము మూయకముందే అబ్బాయి ఆటనుండి వచ్చి, సంచి మూలకు విసరి, "అక్కా, తినడానికేమున్నది?" అని కేకవేసెను. వాడు దుర్మార్గుడు కాడు. మా జ్వరము చూచి రాత్రులయందు ఏడ్చినవాడే. కాని ఆకలియైనప్పుడు వంటయింటిలో నెవరో యొక యాడుమనిషి యుండునని వానికి మేమే నేర్పితిమి. నోటితో నేర్పలేదు, పదునొకండేండ్లు దినదినము చేతలతో నేర్పితిమి. పెద్దమ్మాయికి "ఆడపిల్లవు, నేర్చుకొనుము" అని చెప్పిన ప్రతిపర్యాయమును వానికి "నీ కక్కఱలేదు" అనియే చెప్పినట్లైనది.

ఇది మా యొక్క యింటి సంగతి యని యెవరును తలంపరాదు. మన దేశపు జాతీయ గణాంక కార్యాలయమువారు 2019లో నొకపర్యాయము, 2024లో మఱియొక పర్యాయము జనులు దినమునందలి కాలమును ఎట్లు గడుపుచున్నారో విచారించిరి. జీతము లేని యింటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 2019లో 299 నిమిషములు, 2024లో 289 నిమిషములు ఆ పనియందే గడపిరి. పురుషులు 2019లో 97 నిమిషములు, 2024లో 88 నిమిషములు గడపిరి. మనది దాదాపు అయిదు గంటలు, వారిది గంటన్నర. ఐదేండ్లలో మనకు తగ్గినది పది నిమిషములు. వారికిని తొమ్మిది తగ్గినవి. ఈ లెక్క ఆఱేండ్లు నిండినవారినుండియే మొదలగునని తెలిసినప్పుడు మేము మా చిన్నమ్మాయి వంక చూచితిమి. ఈ యంతరము పెండ్లినాడు పుట్టునది కాదు. మన వంటయిండ్లలో, మన కన్నులయెదుట, పలక పట్టిన వయసుననే పుట్టుచున్నది.

మేము లేచి తిరుగునప్పటికి కార్తికము వచ్చినది. ఒక ఆదివారమునాడు అందఱను వసారాలో గూర్చుండబెట్టితిమి. మా యింటివారు ఇంటివద్ద పిల్లలకు పాఠములు చెప్పు నల్లబల్లను గోడకు చేర్చిరి. తెల్లవారినది మొదలు పండుకొనువఱకు ఇంటిలో జరుగు పను లన్నిటిని ఒక్కొక్కటిగా చెప్పుకొని సుద్దతో వ్రాసితిమి. మొత్తము 43 పనులు తేలినవి. ప్రతిపనికెదురుగ దానిని చేయువారి పేరు వ్రాయుమని అబ్బాయికి సుద్ద నిచ్చితిమి. మావి 31, పెద్దమ్మాయివి 9, మా యింటివారివి 2, అత్తయ్యగారిది 1. తన పేరు ఒక్కచోటను లేదని వాడే చూచుకొనెను. మేమెవ్వరమును ఒక్కమాట యనలేదు. పంతులుగారు మాత్రము తమ రెండింటిని మఱల మఱల లెక్కించుకొనిరి.

పనులు పంచుట యెట్లు? దీనికిని భాగవతమే మాకు తోడ్పడినది. ధర్మరాజు రాజసూయయాగమున బంధువు లందఱికిని పనులు పంచినాడు. వంటశాల భీమునిది. పెద్దల శుశ్రూష అర్జునునిది. వచ్చినవారిని గౌరవించుట సహదేవునిది. కావలసిన వస్తువులను సమకూర్చుట నకులునిది. వడ్డన ద్రౌపదిది; దానము కర్ణునిది. అతిథుల పాదములు కడుగుట శ్రీకృష్ణునిది. ఇందు మూడు విషయములు గ్రహింపదగినవి. ఊరక కూర్చున్నవా డొకడును లేడు. వంటశాల స్త్రీల సొత్తని యెవరును తలంపలేదు. అన్నిటికంటె చిన్నదిగా గనబడు పనిని అందఱికంటె పెద్దవాడు చేపట్టినాడు. ధనాగారమును మాత్రము దుర్యోధనునకు అప్పగించిరి; ఆ సంపద చూచి వాడు పొందిన యసూయకు ఫల మేమైనదో మన మెఱుగుదుము. కావున ఎవరికే పని తగునో చూచుకొనుటయు పంపకములో నొక భాగమే.

అబ్బాయి తనంతట మూడు పనులు కోరుకొనెను: ఉదయము కొళాయి వచ్చు వేళకు నీళ్ళు పట్టుట, తన టిఫినుడబ్బాను చెల్లెలి డబ్బాను కడుగుట, రాత్రి పాలు తోడుపెట్టుట. మొదటిదానియందు చిక్కు రాలేదు. రెండవదానియందు తప్పు మాదే యైనది. వాడు కడిగిన డబ్బామూతయందు జిడ్డు మిగిలియుండెను. వాడు చూచుచుండగనే మేము దానిని మఱల కడిగితిమి. మఱునాడు వాడు డబ్బాను ముట్టలేదు. అడిగినచో, "నీవు మఱల కడుగుదువుగదా అమ్మా, నేనెందులకు?" అనెను. అందు పెంకెతనము లేదు. లెక్క మాత్రమే గలదు. ఒకరు చేసిన పనిని వారి యెదుటనే మఱల చేయుట, "నీ పని పని గాదు" అని చెప్పుటయే. ఆనాటినుండి జిడ్డు కనబడినచో, డబ్బాను వాని కిచ్చి, "మూత అంచున వ్రేలు త్రిప్పి చూడుము" అని మాత్రమే చెప్పుచుంటిమి. వారము దినములలో అంచు శుభ్రపడినది.

మూడవ పనికి అత్తయ్యగారు అడ్డుచెప్పిరి. "మగపిల్లవానిచేత అంట్లు తోమించెదవు, పెరుగు తోడుపెట్టించెదవు, ఊరివారు విన్న నేమనుకొందురు, అమ్మాయీ?" అనిరి. ఆమె మాటలో కోపము లేదు. మనుమనిమీది మక్కువయే యున్నది. పెద్దలతో వాదించుట మా వలన గాదు. "ఒక్కనెల చూతము, అత్తయ్యగారూ" అని మాత్రమంటిమి. మొదటిరాత్రి వాడు పొయ్యిమీదినుండి దించిన పాలలో వెంటనే తోడు వేసెను. తెల్లవారి గిన్నెలో పెరుగు లేదు, పాలును లేవు, విఱిగిన నీళ్ళున్నవి. అర్ధలీటరు పాలు పోయినవి. మా నాలుక చివరకు వచ్చిన మాటను మ్రింగితిమి. ఆ పూట అందఱమును చారన్నముతో లేచితిమి. మా యింటివారికి పెరుగు లేని భోజనము భోజనము గాదు. వారును నోరు మెదపలేదు.

ఆ రాత్రి ఒక వింత జరిగినది. వాడు పాలగిన్నెవద్ద నిలిచి తటపటాయించుచుండగా అత్తయ్యగారు లోపలికి వచ్చి, "చిటికెనవ్రేలు పెట్టి చూడరా, వ్రేలు ఓర్చుకొనునంత వేడి యుండవలెను" అని చూపిరి. చలికాలమున గిన్నెను బియ్యపుడబ్బాలో నుంచవలెనని, వేసవిలో తోడు తక్కువ వేయవలెనని, లేనిచో పుల్లబడునని చెప్పిరి. పెరుగులోని సూక్ష్మజీవులు సుమారు 40 డిగ్రీల వెచ్చదనమున వృద్ధిపొందునని, మిక్కుటమగు వేడికి చచ్చునని మా యింటివారు వానికి బోధించిరి. డెబ్బదియేండ్ల నానమ్మ చిటికెనవ్రేలికి తెలిసినదియే శాస్త్రమును చెప్పినదని వాడు విస్తుపోయెను. నేటికిని మా యింట పెరుగు వానిదే. ఊరివారిమాట అత్తయ్యగారు మఱల నెత్తలేదు. వచ్చినవారితో "మా మనుమని పెరుగు" అని చెప్పుచున్నారు.

ఇక ఏ వయసువారికి ఏ పని తగునో మా యనుభవమునుబట్టి చెప్పెదము. మూడునుండి యైదేండ్లవారు గడపవద్ద చెప్పులు వరుసగా పెట్టగలరు. విడిచిన బట్టలను బుట్టలో వేయగలరు. చిక్కుడుకాయల యీనెలు తీయుటలో మనకు తోడుగా గూర్చుండగలరు. ఆఱునుండి యెనిమిదేండ్లవారు గోగూర ఆకు త్రుంపగలరు, మునగాకు దూయగలరు, కంచములు పెట్టి మంచినీళ్ళు పోయగలరు, మొక్కలకు నీళ్ళు పోయగలరు, తువ్వాళ్ళు మడత పెట్టగలరు. తొమ్మిదినుండి పండ్రెండేండ్లవారు ఇల్లు ఊడ్చుట, అంట్లు తోముట, బియ్యములో రాళ్ళేఱి కడిగి కొలతకు నీళ్ళు పోయుట, అంగడికి చీటీ వ్రాసి చిల్లర లెక్క చూచుట మొదలగునవి చేయుదురు. పదుమూడు దాటినవారికి, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, అన్నము, పప్పు, చారు, ఒక కూర వచ్చి తీరవలెను. రేపు పైచదువునకు హైదరాబాదునకో విశాఖపట్టణమునకో పోయిననాడు హోటలు తిండిపై నాధారపడక తన గదిలో తాను వండుకొని తినగలుగుట చిన్న విద్య కాదు.

పసిపిల్లలకు పని చెప్పునప్పుడు పరికరములును చిన్నవిగా నుండవలెను. మరియా మాంటిస్సోరి అను ఇటలీదేశపు విదుషి 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చినదని మా యింటివారు చెప్పుదురు. ఆమె పద్ధతి నవలంబించిన శిశుపాఠశాలలో చిన్నచీపుళ్ళు, చిన్నచెంబులు నుండును. నీళ్ళు ఒలుకకుండ పోయుట, బొత్తాములు పెట్టుకొనుట, బల్ల తుడుచుట మొదలగునవి యచట పాఠములే. మనము కొనవలసిన దేమియు లేదు. పాత చీపురును సగమునకు కోసి కట్టినచో పిల్లచీపురగును. కంచములను పై అరనుండి క్రింది అరకు దించినచో ఆఱేండ్ల చిన్నది తానే తీసికొనును. మా వంటయింట పదిలముగా పైనుంచిన పది వస్తువులను క్రిందికి దించుటతోనే మూడుపనులు మా చేతినుండి జాఱినవి.

క్రిందికి దింపకూడనివియు గలవు. ఫినాయిలు, యాసిడు సీసాలు పిల్లల కందని చోటనే యుండవలెను. కత్తిపీట, కాగిన నూనె, కుక్కరు మూత, ఇస్త్రీపెట్టె మన కన్నుల యెదుటనే నేర్పవలెను. మిక్సీగిన్నెలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గు తీయుట అలవాటు చేయవలెను. నీళ్ళతొట్టివద్ద పసివానిని ఒంటరిగా విడువరాదు.

పని నేర్పుటలో మాకు తెలిసిన మర్యాదలు కొన్ని గలవు. పనిని సగము గాక మొదలునుండి తుదివఱకు అప్పగింపవలెను. "ఈ గిన్నె అందుకో, ఆ మూత తెమ్ము" అని పిలుచుట పని యిచ్చుట గాదు, అది బంటుతనము. మంచినీళ్ళ బిందె నీది యనినచో, తోముట, పట్టుట, మూతపెట్టుట అన్నియు వానివే. అప్పుడే అది వాని బిందె యగును. పనిని శిక్షగా వేయరాదు. తప్పుచేసిన వానిచేత అంట్లు తోమించినచో అంట్లు తోముట శిక్షయని నేర్చుకొనును. దినదినము తోము తల్లి యే తప్పుచేసినదని వాడు తలంచును? కూలియు నీయరాదు. తన యన్నము తాను వడ్డించుకొనిన వానికి కూలి యెవరియ్యవలెను? పరీక్షల దినములలో పని మానిపింపక మార్చుకొనవలెను: అక్కకు పరీక్షలైనపుడు తమ్ముడు, తమ్మునికైనపుడు అక్క. ఎవరికిని ఇష్టములేని పని, మా యింట స్నానాలగది కడుగుట, వారమునకొకరి వంతుగా తిరుగవలెను. ఆ వంతులో పంతులుగారి పేరును ఉండవలెను. తండ్రి తన కంచము తాను కడిగికొనినది చూచిన కుమారునకు మనము పది మాటలు చెప్ప నక్కఱలేదు.

ఒక హెచ్చరిక చేయకున్నచో ఈ ప్రసంగ మపాయకర మగును. పనిని పంచుట వేఱు, మోపుట వేఱు. మా పెద్దమ్మాయి విషయమున జరిగినది పంపకము గాదు, మోపుట. బడిని, చదువును, ఆటను, నిద్రను తినివేయు పని బిడ్డకు పాఠము గాజాలదు. చట్టమును ఇదే చెప్పుచున్నది. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్లు నిండని వారిని ఏ పనియందును నియోగింపరాదనిరి. బడివేళలు ముగిసిన పిమ్మటను, సెలవులలోను, అపాయము లేని పనులలో తమ కుటుంబమునకు సాయపడుటకు మాత్రము విడుపు నిచ్చిరి. పరుల పిల్లలను మన యిండ్ల పనికి పెట్టుకొనుట 2006 అక్టోబరు 10వ తేదీనుండియే నిషిద్ధము. మన బిడ్డ చేతికి చీపురిచ్చుటకు మనసొప్పక పేదయింటి బిడ్డచేత నూడ్పించువారు ఈ సంగతి గమనింతురు గాక.

"ఇంత శ్రమపడి నేర్పుటకంటె మనమే చేసికొనుట సులువుగదా?" అని మీరడుగవచ్చును. మొదటి నెలలో నిస్సందేహముగ సులువే. పది నిమిషముల పనికి ముప్పది నిమిషములు పట్టినది. రెండు గాజుగ్లాసులు పగిలినవి. మా సహనము అంతకంటె నెక్కువ పర్యాయములు పగిలినది. ఆఱు నెలలకు మఱల నల్లబల్ల తెచ్చితిమి. అవే 43 పనులు. మావి 17, మా యింటివారివి 8, అబ్బాయివి 7, పెద్దమ్మాయివి 6, అత్తయ్యగారివి, తామే కోరి తీసికొన్నవి, 3, చిన్నమ్మాయివి 2. మాకు సాయంకాలమున ఒక గంట మిగిలినది. ఆ గంటలో పెద్దమ్మాయి లెక్కలు చేసికొనుచుండగా, వివాహమైన నాటినుండి పూర్తిచేయలేకపోయిన భాగవతమును మేము మఱల తెఱచితిమి.

ఆ పఠనములోనే కుచేలోపాఖ్యానము వచ్చినది. చిరకాలమునకు కలిసికొన్న మిత్రునితో శ్రీకృష్ణుడు గురుకులవాసమును తలంచుకొనుచు, గురుపత్ని కట్టెలకై పంపిన నాటి సంగతి చెప్పును. అడవిలో గాలివాన వచ్చి, చీకటిలో దారితప్పి, ఒకరి చేయి యొకరు పట్టుకొని రాత్రియంతయు గడపిరి. ద్వారకాధీశుడైన పిమ్మటను వాని మనసున నిలిచినది ఆ కట్టెలమోపు. బిడ్డలకు మనము కొనిపెట్టిన వస్తువులు కొంతకాలమునకు పాతబడును. కలిసి చేసిన పని మాత్రము నిలుచును.

మామిడికాయల కాలము వచ్చుచున్నది. క్రిందటి యేడు ఆవకాయనాడు అబ్బాయి చిన్నమ్మాయిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని, ముక్కలలోని జీడి తీసి, టెంకనంటిన పొర యొలిచి, పొడిగుడ్డతో తుడుచుట నేర్పెను. "తడి మిగిలినచో బూజు పట్టును, జాగ్రత్త" అని వాడు హెచ్చరించుచుండగా వాని గొంతులో మాకు అత్తయ్యగారి గొంతు వినబడినది. పెద్దమ్మాయి ఆనాడు ఆవకాయవద్దకు రాలేదు. లోపలిగదిలో చదువుకొనుచుండెను. మేము పిలువలేదు.

సోదరీమణులారా, ఈ మాసమున మీరు చేయవలసినది ఒక్కటియే. ఒక ఆదివారమునాడు ఇంటివారందఱితో గూర్చుండి మీ యింటి పనులను కాగితముమీద వ్రాయుడు. ఎవరి పేరు ఎన్నిచోట్ల నున్నదో లెక్కించుడు. ఎవరి పేరు లేదో చూడుడు. ఎవరినిని నిందింపక, ఒక్క పనిని, ఒక్కదానినే, ఆ పేరున వ్రాసి, మొదలునుండి తుదివఱకు వారికే విడిచిపెట్టుడు. అది చెడిన మొదటినాడు మీరు మాటాడకుండుటయే యిందలి కష్టమైన పని. అది మాత్రము మన వంతు.

వచ్చే మాసమున ఆవకాయ, మాగాయలు ఏడాదిపొడుగున చెడకుండ నిలుచు ఉపాయములను గూర్చి ముచ్చటించుకొందము.

ఇట్లు,
మీ సోదరి